నాటు తాబేలు

జూన్ రెండో శనివారం పొద్దున్నే మా అమ్మ పెరట్లోంచి కేక పెట్టింది. "ఒరేయ్ నాయనా, ఇట్ల రా! మెంతాకు మళ్ళో ఏందో కూర్చోనుంది!"

కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే పరిగెత్తాను. మెంతికూరకీ టమాటా మొక్కలకీ మధ్య, ముందురోజే నేను గుల్ల చేసి పెట్టిన మట్టిలో, బోర్లించిన పెద్ద బేసిన్ అంత తాబేలు. వీపు మీద పచ్చగా పాచి. మెడ చర్మం తడిసిన గోనెసంచిలా ముడతలు పడి ఉంది. తోక చూస్తే తాబేలు తోకలా లేదు. మొసలి దగ్గర అరువు తెచ్చుకున్నట్టు పైన రంపపు పళ్ళు, పొడుగు దాదాపు వీపంత. బురద వాసన పది అడుగుల దూరానికే కొడుతోంది.

మేముండేది న్యూజెర్సీ మధ్యలో, ఒకప్పటి పొలాల మీద వేసిన కాలనీలో. ఇళ్ళ వెనక వాన నీళ్ళు నిలవడానికి తవ్విన పాండ్ ఒకటి ఉంది. దాన్ని చెరువంటే మా ఊరి చెరువు నవ్విపోతుంది. అమ్మ మాత్రం దిగిన రోజునుంచీ చెరువనే పిలుస్తోంది, మేమూ అలవాటు పడ్డాం. తాబేలు అక్కణ్ణుంచే వచ్చింది.

అమ్మ రెండడుగులు వెనక్కి వేసి, "తాబేలు దూరిన ఇల్లూ, అమీనా దూరిన ఇల్లూ బాగుపడవంటార్రా" అంది. పలమనేరు వైపు, తమిళం కలిసిన ఊళ్ళ సామెత ఇది. అమీనా అంటే కోర్టు కాగితం పట్టుకుని జప్తుకి వచ్చే మనిషి. ఆ మాట అన్న నోటితోనే "కూర్మావతారం" అని రెండు చేతులూ కళ్ళకద్దుకుంది. మా హాల్లో ఒక గాజు గిన్నె, గిన్నెలో నీళ్ళు, నీళ్ళలో ఇత్తడి తాబేలు ఉన్నాయి. వాస్తు మంచిదని ఇండియా నుంచి తెచ్చింది ఈవిడే. ఇత్తడిదైతే లక్ష్మి, ప్రాణమున్నదైతే అమీనా.

నేను చేసిన తప్పు ఏంటంటే ఫోటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టడం. రెండు నిమిషాల్లో మొదలైంది.

"అన్నా, పిల్లల్ని లోపలికి తీసుకెళ్ళండి."

"ఇది ఇన్వేజివ్ స్పీసీస్ అనుకుంటా. ఎవరో పెంచుకుని వదిలేసుంటారు."

"కరిస్తే వేలు పోతుందట. యానిమల్ కంట్రోల్‌కి ఫోన్ చేశారా?"

ఇంకొకాయన నెట్‌లోంచి ఎలిగేటర్ స్నాపింగ్ టర్టిల్ బొమ్మ ఒకటి పట్టుకొచ్చి పెట్టాడు, నోరు తెరిచి, వీపు మీద మూడు వరసల ముళ్ళతో. అది చూశాక గ్రూపులో టెన్షన్ ఇంకా పెరిగింది. అది మిసిసిపీ, దాని చుట్టుపక్కల గల్ఫ్ తీరానికి పారే నదుల జంతువు. మా పెరట్లోది కామన్ స్నాపింగ్ టర్టిల్, పొట్టిగా స్నాపర్. చుట్టాలే కానీ ఒకటి కాదు. ఆ బొమ్మలోది 80 కిలోలు కూడా దాటుతుంది. మాది, అంటే మా మెంతికూర మడిలోది, మహా అయితే పదిహేను కిలోలుంటుంది.

ఇన్వేజివ్ అంటే బయటినుంచి వచ్చిపడి ఇక్కడివాటిని బతకనివ్వనిది. ఆ మాట దగ్గర మాత్రం నాకు కాస్త మండింది. ఈ తాబేలు కెనడా దక్షిణ భాగం నుంచి ఫ్లోరిడా దాకా, రాకీ పర్వతాలకి తూర్పున ఉన్న నేలంతా తిరిగే జంతువు. న్యూజెర్సీలో అన్ని జిల్లాల్లోనూ ఉంది. పక్కనే ఉన్న న్యూయార్క్‌లో 2006లో స్కూలు పిల్లలు ఓట్లేసి మరీ దీన్ని రాష్ట్ర సరీసృపంగా ఎన్నుకున్నారు. దీని కుటుంబం ఉత్తర అమెరికాలో డైనోసార్ల రోజులనుంచీ ఉంది. ఈ కాలనీకి పునాదులు తవ్వినప్పుడు ఈ తాబేలో, దీని తల్లో ఇక్కడి వాగులో ఉండే ఉంటుంది. మేం వచ్చి పదకొండేళ్ళు. ఆ లెక్కన ఎవరి పెరట్లోకి ఎవరొచ్చారో గ్రూపులో అడుగుదామనుకున్నాను. అడగలేదు. కాలనీలో బతకాలి కదా.

గ్రూపులో ఈ గోల నడుస్తుండగా తాబేలు దాని పని అది చేసుకుంటోంది. వెనక కాళ్ళతో తవ్వుతోంది, కుడికాలు ఒకసారి, ఎడమకాలు ఒకసారి, వెనక్కి తిరిగి చూడకుండా. ఇరవై నిమిషాల తర్వాత మొదటి గుడ్డు జారింది. తెల్లగా, గుండ్రంగా, అచ్చం పింగ్‌పాంగ్ బంతి. అది పడీ పడగానే వెనక పాదం కిందకి దింపి, అరిసె ముద్దని నూనెలోకి వదిలేటప్పుడు చెయ్యి ఎంత నెమ్మదిగా వెళ్తుందో అంత నెమ్మదిగా గుడ్డుని గుంట లోపలికి జరిపింది. తర్వాత ఇంకొకటి. మా అమ్మాయి ముప్ఫై రెండు దాకా లెక్కపెట్టింది. అమ్మ అమీనాని మరిచిపోయి గట్టు మీద చతికిలబడింది. "నీళ్ళు తాపితే తాగుతాదా?" అని ఒకసారి అడిగింది. గుడ్లన్నీ పెట్టాక మట్టి పూడ్చి, పొట్టతో అదిమి, వచ్చిన దారినే పోయింది. గుడ్ల వైపు మళ్ళీ చూడలేదు. ఈ జాతిలో తల్లి పని అంతటితో సరి.

దీన్ని చూసి మనుషులు ఎందుకు భయపడతారో అర్థం కాకపోలేదు. మామూలు తాబేలుకి ప్రమాదం వస్తే తల, కాళ్ళు లోపలికి లాక్కుంటుంది. దీని పొట్టకింది చిప్ప మరీ చిన్నది, ఒళ్ళంతా అందులో పట్టదు. దాక్కోలేనిది కొరుకుతుంది. అదీ గట్టు మీదే. నీళ్ళలో మనిషి అలికిడి అయితే చాలు, అడుగున బురదలోకి జారుకుంటుంది. మన వైపు మొసలికి నీళ్ళలోనే స్థానబలిమి, గట్టెక్కితే కుక్కకి కూడా లోకువ అంటారు. ఇది తిరగేసిన కేసు, నీళ్ళలో సాధువు, గట్టు మీద రౌడీ. పట్టుకుంటే ఉరిమేదాకా వదలదని ఇక్కడి పల్లెటూళ్ళలో ఒక మాట ఉంది, మన ఉడుం పట్టు లాంటిదన్నమాట. తీరా కొలిస్తే దాని దవడ బలం రెండు వందల న్యూటన్ల చిల్లర. మనిషి దవడ పళ్ళ బలం అంతకంటే తక్కువేం కాదు. వేలు పెడితే గాయమవుతుంది, నిజమే. అందుకే వేలు పెట్టకూడదు.

2023 మే నెలలో షికాగో నదిలో తుప్పు పట్టిన గొలుసుల గుట్ట మీద ఎండ కాచుకుంటున్న ఒక స్నాపర్ వీడియో ప్రపంచమంతా తిరిగింది. ఎంత బొద్దుగా ఉందంటే జనం దానికి చాంకోసారస్ అని పేరు పెట్టారు. తెలుగులో చెప్పాలంటే బొద్దుసారస్. పేరు చూడండి, డైనోసార్ అనో, రాక్షసి అనో అంటే తప్ప మనకి తృప్తి ఉండదు. నిజానికి అది ఆ నదిలో పుట్టి పెరిగే నాటు జంతువు. ఒకప్పుడు మురికికాలువలా ఉన్న నదిలో అంత లావున తినగలిగిందంటే నీళ్ళు బాగుపడ్డాయని అర్థం. లావుగా, వికారంగా, ఎక్కణ్ణుంచో ఊడిపడ్డట్టు కనిపించినదల్లా బయటిదే అయ్యుండాలన్నది మన కంటికి పట్టిన జబ్బు. నా వాదనంతా ఆ జబ్బు మీదే.

ఈ విషయంలో తెలుగు మనకి మంచి మాటలిచ్చింది, మనమే వాడుకోవడం మానేశాం. నాటు అంటాం, సీమ అంటాం. నాటు కోడి, నాటు టమాటా ఒక వైపు. సీమ చింతకాయ, సీమ వంకాయ ఇంకో వైపు. సీమ అన్నంత మాత్రాన తిట్టు కాదు. సీమ చింతకాయ కోసం చిన్నప్పుడు ముళ్ళకి గీసుకోని తెలుగువాడు తక్కువ. మిరపకాయ, టమాటా, జామ, బొప్పాయి అన్నీ అమెరికా ఖండాల నుంచి ఓడలెక్కి వచ్చినవే. మిరపకాయ లేని గుంటూరుని ఊహించుకోండి. బయటినుంచి వచ్చినదల్లా దురాక్రమణ చేయదు. ఇది ఒక సంగతి.

రెండో సంగతి సర్కారు తుమ్మ. మన ఊళ్ళలో బీళ్ళు, చెరువు గట్లు ఎక్కడ చూసినా అదే, ఇంకో మొక్కని లేవనివ్వదు. ఆ పేరులోనే నేరస్థుడి పేరుంది. తుమ్మ తనంతట తాను రాలేదు, సర్కారు తెచ్చింది. ఇంత ముక్కుసూటి పేరు ఇంగ్లీషులో కూడా ఉన్నట్టు లేదు. వచ్చినదాన్ని తిట్టుకుంటూనే తెచ్చినవాణ్ణి మరిచిపోకుండా పెట్టిన పేరు.

కాబట్టి అడగాల్సిన ప్రశ్నలు మూడు. ఇది ఇక్కడిదేనా? కాకపోతే ఎవరు తెచ్చారు? వచ్చాక ఇక్కడివాటిని బతకనిస్తోందా? కొరుకుతుందా, పెద్దదా, ముఖం బాగుందా అన్నవి వీటిలో లేవు.

మా చెరువులోనే పరీక్ష పెడతాను. నీళ్ళలోకి వాలిన ఒక దుంగ మీద రోజూ మధ్యాహ్నం నాలుగైదు చిన్న తాబేళ్ళు వరసగా ఎండ కాచుకుంటాయి. కళ్ళ వెనక ఎర్ర గీత, ముద్దుగా ఉంటాయి. మా అమ్మాయి వాటిలో ఒకదానికి బ్రౌనీ అని పేరు పెట్టింది. అదే వాట్సాప్ గ్రూపులో వాటి ఫోటోలకి గుండె బొమ్మలు వస్తాయి. వాటిని రెడ్ ఇయర్డ్ స్లైడర్లంటారు. ప్రపంచంలో అత్యంత చేటు చేసిన వంద దురాక్రమణ జాతులంటూ ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ నిపుణులు వేసిన జాబితాలో వీటి పేరుంది. న్యూజెర్సీవి కావు. ఎవరో అక్వేరియంలో పెంచి, పెద్దవయ్యాక వదిలేసినవే, లేదా వాటి పిల్లలు. ఎండ కాచుకునే చోటు దగ్గరా, తిండి దగ్గరా ఇక్కడి పెయింటెడ్ తాబేళ్ళని పక్కకి నెట్టేస్తాయి. డాలస్‌లో ఉండే మా మేనమామ కొడుకు ఇంటి వెనక వాగులో ఇవే ఉంటే అక్కడ అవి నాటువి, ఎవరూ పల్లెత్తు మాట అనడానికి లేదు. అదే తాబేలు రెండున్నర వేల కిలోమీటర్లు ఇవతల, మా దుంగ మీద, ఆక్రమణదారు.

నేనిది గ్రూపులో రాశాను. "బ్రో, బ్రౌనీని ఏం అనకు" అని జవాబొచ్చింది.

స్నాపర్‌కీ ఇదే లెక్క వర్తిస్తుంది, అది నేను ఒప్పుకోకపోతే నా వాదన సగమే. రాకీ పర్వతాలు దాటి ఓరెగాన్ వెళ్తే ఈ మెంతికూర మడి తాబేలుని ఇంట్లో పెట్టుకోవడమే చట్టవిరుద్ధం. కనిపిస్తే కబురు చేయమని అక్కడి వన్యప్రాణి శాఖ జనాన్ని అడుగుతుంది. అక్కడి నాటు తాబేళ్ళు రెండే రకాలు, రెంటి పరిస్థితీ అంతంత మాత్రం. దేశం ఒకటే, జెండా ఒకటే. కొండల వరస ఒకటి అడ్డం వచ్చిందంతే.

ఇక జపాన్. అక్కడ దీన్ని కమిత్సుకి గామె అంటారు, కొరికే తాబేలు అని అర్థం. 1960ల నుంచి పెంపుడు జంతువుగా దిగుమతి చేసుకున్నారు. దుకాణంలో కొన్నప్పుడు రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దది, అరచేతిలో ఆడుకునే సైజు. పదేళ్ళలో బేసిన్ నిండుతుంది, చెయ్యి పెడితే కరుస్తుంది. ఎవరికీ తెలియకుండా రాత్రిపూట కాలువలో వదిలేశారు. టోక్యోకి తూర్పున చీబా ప్రాంతంలో ఇన్బా సరస్సు ఉంది, చుట్టూ వరి పొలాలు, పంట కాలువలు. స్నాపర్‌కి అంతకంటే ఏం కావాలి? 2005లో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం దీన్ని పెంచడం, అమ్మడం, వదలడం నిషేధించారు. వదిలితే మూడేళ్ళ దాకా జైలు, లేదా 30 లక్షల యెన్‌ల దాకా జరిమానా. అయినా 2015 నాటికి అక్కడ సుమారు 16 వేలు ఉన్నాయని అంచనా వేశారు. పొలంలో దిగే రైతుకి బురదలో కాలు పెట్టాలంటే భయం, జాలరి వలలు చిరిగిపోతాయి, అక్కడి చిన్నా చితకా జీవాలు దాని నోట్లోకి పోతాయి. ఏటా ఉచ్చులు పెట్టి పట్టి చంపుతున్నారు. మా పెరట్లో దాన్ని వెనకేసుకొచ్చిన నేనే అక్కడుంటే ఉచ్చు పెట్టే పనిలో చెయ్యి వేస్తాను. మనసొప్పుతుందా అంటే ఒప్పదు. చేస్తానా అంటే చేస్తాను.

జంతుప్రేమికులు కొందరు ఇక్కడే జారిపోతారు. పాపం దాని తప్పేముంది, బతకనివ్వండి అంటారు. తప్పు దానిది కాదన్నది నిజం. కానీ దాన్ని వదిలేస్తే ఇన్బా సరస్సులో ఆ నేలవే అయిన జీవాలు పోతాయి, వాటికి ఫ్యాన్ పేజీలు ఉండవు. చంపాల్సి రావడం ఆ తాబేలుకి శిక్ష కాదు, ఒకప్పుడు దుకాణంలో మనం చేసిన కొనుగోలు తాలూకు బాకీ. ఆ బాకీ ఎప్పుడూ జంతువే తీరుస్తుంది.

ఇందులో నన్ను నిద్రపోనివ్వని లెక్క ఒకటుంది. స్నాపర్ తొందరపడే జంతువు కాదు. కెనడాలో ఆల్గాంక్విన్ పార్కులో 1970ల నుంచీ వీటికి గుర్తులు వేసి చూస్తున్నారు. ఆ చలిలో ఆడది మొదటిసారి గుడ్లు పెట్టడానికి పదిహేను నుంచి ఇరవై ఏళ్ళు పడుతుంది. గుడ్లలో ఎక్కువ భాగం రకూన్లు, నక్కలు తవ్వుకు తినేస్తాయి. అయినా జాతి నిలిచేది ఎలాగంటే, ఒకసారి పెద్దదయిందంటే దాన్ని చంపేది దాదాపు ఏదీ లేదు, దశాబ్దాల తరబడి గుడ్లు పెడుతూనే ఉంటుంది. నూరేళ్ళు దాటి బతకొచ్చని అక్కడి లెక్క. అంటే ముసలమ్మల మీద నడిచే సంసారం. మిషిగన్‌లో చేసి 1994లో అచ్చేసిన ఒక అధ్యయనంలో తేలిందేమిటంటే, పెద్దవాటిలో ఏటా అదనంగా నూటికి పది చనిపోతే చాలు, ఇరవై ఏళ్ళలోపే సంఖ్య సగానికి పడిపోతుంది. ఆల్గాంక్విన్‌లో 1980ల చివర్లో చలికాలంలో నిద్రలో ఉన్నవాటిని నీటికుక్కలు పడి తినేశాయి, దాదాపు సగం పోయాయి. ఆ తర్వాత ఇరవై మూడేళ్ళు చూసినా సంఖ్య కోలుకోలేదు.

ఇక్కడ రోడ్డు మీద జూన్‌లో కారు కింద పడే స్నాపర్లలో చాలావరకు గుడ్లు పెట్టడానికి బయల్దేరిన ఆడవే. సూప్ కోసం వలేసి పట్టేవీ పెద్దవే. ఒకప్పుడు ఫిలడెల్ఫియాలో స్నాపర్ సూప్ అంటే మన దగ్గర రాజమండ్రి పులస మాట ఎత్తినట్టు ఉండేది. తర్వాత తూర్పు ఆసియా బజారు తెరుచుకుంది, చైనాలో పెంపకం కేంద్రాలకి అమెరికా నుంచి ఏటా లక్షల్లో ఎగుమతి అయ్యాయి. కెనడాలోని ఒంటారియో రాష్ట్రం 2017లో వేట ఆపేసింది. 2022 నవంబర్‌లో పనామాలో జరిగిన సైటీస్ (వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) సమావేశంలో కామన్ స్నాపర్‌నీ, ఎలిగేటర్ స్నాపర్‌నీ రెండో అనుబంధంలోకి చేర్చారు. అంటే ఇకమీదట ఎగుమతి చేయాలంటే, జాతికి చేటు కాదని చూపించి అనుమతి తీసుకోవాలి. ఇంచుమించు నెలన్నర తిరిగేసరికి, 2023 జనవరి 1 నుంచి చైనాలో అమల్లోకి వచ్చిన దురాక్రమణ జాతుల జాబితాలో ఎలిగేటర్ స్నాపర్ పేరు చేరింది. పుట్టింట్లో కాపాడాల్సినవాటి జాబితా, మెట్టినింట్లో వదిలించుకోవాల్సినవాటి జాబితా. రెండు జాబితాలకీ మధ్య ఉన్నది ఓడలూ, విమానాలూ, దుకాణాలూ, మనమూ.

ఇలాంటి చోట ఎవరో ఒకరు వలసల పోలిక తెస్తారు. నేనూ పాస్‌పోర్టు మార్చుకున్నవాణ్ణే కాబట్టి నా నుంచి దాన్ని ఆశిస్తారు కూడా. మనం కూడా ఇన్వేజివ్ స్పీసీసే కదన్నా అని పార్టీల్లో నవ్వుతూ అంటారు. నాకా జోకు నచ్చదు. మనుషులంతా ఒకటే జాతి, ఒకరినొకరు నాటు, సీమ అని వేరుచేసే పని జీవశాస్త్రం ఎవరికీ అప్పగించలేదు. వీసా తీసుకుని వచ్చినవాడు నా ఇష్టం మీద వచ్చానంటాడు. ప్లాస్టిక్ డబ్బాలో వచ్చిన తాబేలుకి ఆ మాట లేదు. ఈ పోలికతో మనుషుల్ని తిట్టేవాళ్ళూ తప్పే, దాన్నే తిరగేసి ఇన్వేజివ్ జంతువుల మీద జాలి రాబట్టేవాళ్ళూ తప్పే.

యూరప్ కథ ఒకటి చెప్పకుండా ఉండలేను. 2013 ఎండాకాలంలో జర్మనీలోని బవేరియాలో ఇర్సే అనే చిన్న ఊరి దగ్గర చెరువులో ఎనిమిదేళ్ళ పిల్లవాడి మడమ దగ్గర స్నాయువు తెగింది. ఎలిగేటర్ స్నాపర్ పనే అయ్యుండాలన్నారు. చెరువు నీళ్ళన్నీ తోడేశారు. ఫైర్ సర్వీసు దిగింది. వెయ్యి యూరోల బహుమతి ప్రకటించారు. తాబేలుకి లోట్టీ అని పేరు కూడా పెట్టారు. దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు. ఒక తాబేలుని ఎవరు తెచ్చారో, ఎప్పుడు వదిలారో పట్టుకోవడం ఇంకెంత కష్టమో చూడండి.

మన దేశం దీనికి అతీతమేం కాదు. 2023లో భోపాల్ పెద్ద చెరువులోనూ, శ్రీనగర్ దాల్ సరస్సులోనూ ఎలిగేటర్ గార్ అనే మొసలి మూతి చేప బయటపడింది. అదీ మిసిసిపీ వైపు నాటు చేపే, అక్వేరియం దారిలో వచ్చింది. గాజు మీద పాచి నాకి శుభ్రం చేస్తుందని కొనే సక్కర్ చేప ఇప్పుడు తూర్పు కనుమల వాగుల్లో, చెరువుల్లో కనిపిస్తోంది. వలలో పడితే వల చిరుగుతుంది, అమ్మితే పైసా రాదు. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్ళు నీటిలో కరిగి ఉన్న డీఎన్ఏ పట్టుకుని అది ఎంతదూరం పాకిందో వెతుకుతున్నారు. ఎర్రచెవి స్లైడర్లయితే మన ఊళ్ళలో ఏ అక్వేరియం దుకాణంలో అడిగినా చూపిస్తారు. మన నక్షత్ర తాబేలుని పెంచుకుంటే కేసు, అమెరికా తాబేలుని పెంచుకుంటే హాబీ. అటు అనంతపురం, చిత్తూరు వైపు దొరికే నక్షత్ర తాబేళ్ళు సూట్‌కేసుల్లో ఆగ్నేయాసియాకి దొంగతనంగా పోతుంటాయి, ఎవరో ఒకరు తరచుగా పట్టుబడుతూనే ఉంటారు. వచ్చేవి వస్తున్నాయి, పోయేవి పోతున్నాయి.

మా చిన్నాన్న కొడుకు కూకట్‌పల్లిలో ఉంటాడు. ఐదేళ్ళ కిందట వాళ్ళ బాబు పుట్టినరోజుకి ఎవరో స్లైడర్ల జత ఇచ్చారు. ఒకటి ఏడాదిన్నరకి పళ్ళెమంత అయింది, తొట్టి చాల్లేదు, వాసన. వాడేం చేశాడంటే ఆదివారం బండి మీద పెట్టుకుని వెళ్ళి దగ్గర్లో ఒక చెరువులో వదిలేసి, దండం పెట్టుకుని వచ్చాడు. పుణ్యం చేశాననుకున్నాడు. నాకు ఫోటో పంపాడు కూడా. నేనప్పుడు బొటనవేలు బొమ్మ పెట్టాను. అది నా వాటా.

వాడొక్కడే అని కాదు. చైనాలోనూ తైవాన్‌లోనూ గుడి దగ్గర తాబేలు కొని నీళ్ళలో వదిలితే పుణ్యమనే ఆచారం ఉంది, స్నాపర్లూ స్లైడర్లూ ఆ దారిలో కూడా చెరువుల్లోకి చేరాయి. కసాయితనంతో జరిగిన నష్టం కంటే జాలితో జరిగిన నష్టం తక్కువేం కాదు.

అందుకే జపాన్ 2023 జూన్‌లో చేసిన పని నాకు నచ్చింది. అప్పటికే లక్షల ఇళ్ళలో స్లైడర్లున్నాయి. పూర్తిగా నిషేధిస్తే భయపడి జనం రాత్రికి రాత్రి కాలువల్లో పారేస్తారని వాళ్ళకి తెలుసు. అందుకని ఉన్నవాళ్ళు పెంచుకోవచ్చు, చచ్చేదాకా పెంచుకోవాలి. అమ్మకూడదు, వదలకూడదు అని చట్టం మార్చారు. అమెరికా 1975లోనే నాలుగంగుళాల కంటే చిన్న తాబేళ్ళు అమ్మకూడదంది, కానీ అది చెరువుల మీద ప్రేమతో కాదు, పిల్లలకి సాల్మొనెల్లా అనే కడుపు జబ్బు క్రిమి అంటుతోందని. ఎగుమతి మాత్రం ఆగలేదు. యూరప్ 1997లో స్లైడర్ల దిగుమతి ఆపింది, అప్పటికే ఆలస్యమైంది. మన దగ్గర దుకాణం గల్లా దగ్గర ఆపితే వందల్లో పోయే ఖర్చు, చెరువులోకి చేరాక కోట్లు పోసినా వెనక్కి రాదు. ఇన్వేజివ్ అన్న మాటని ఫోటో కింద కాదు, బిల్లు మీద రాయాలి.

మా పెరటి కథ చెప్తాను. ఆ శనివారం సాయంత్రం అమ్మే వెళ్ళి, గుడ్లున్న చోట ఇనపతీగల బుట్ట బోర్లించి నాలుగు ఇటుకలు పెట్టింది. రకూన్ వస్తుందని నేను చెప్పాను. పిల్లలు పక్కనుంచి బయటికి రావడానికి రెండు సందులు వదిలాం. మెంతికూర ఆ ఏడాదికి పోయింది. రోజూ సందేళ అమ్మ అక్కడ నిలబడి ఒకసారి చూసొచ్చేది.

"ఆడపిల్లలా, మగపిల్లలా?" అని ఒకరోజు అడిగింది.

"మట్టి వేడిని బట్టి ఉంటుందమ్మా. మరీ చల్లగా ఉన్నా ఆడవే, మరీ వేడిగా ఉన్నా ఆడవే. మధ్యలో అయితే మగవి."

"అంటే కష్టమొచ్చినప్పుడల్లా ఆడదేనా" అంది. నేనేం మాట్లాడలేదు.

సెప్టెంబర్ మూడో వారంలో, వాన పడిన మర్నాడు పొద్దున పందొమ్మిది పిల్లలు మట్టిలోంచి పైకొచ్చాయి. ఒక్కోటీ పాత రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దది, తోకతో సహా అచ్చం తల్లి పోలికే. గ్రూపులో యానిమల్ కంట్రోల్ అన్నాయన తన ఇద్దరు పిల్లల్నీ తీసుకుని చూడ్డానికొచ్చాడు. అవి వాటంతట అవే గడ్డిలో పడి చెరువు వైపు నడిచాయి. ఆయన చిన్నపిల్ల ఒకటి ఇంటికి తీసుకెళ్తానంటే ఆయనే వద్దన్నాడు.

డిసెంబర్‌లో హైదరాబాద్ వెళ్ళినప్పుడు కూకట్‌పల్లి తమ్ముడింట్లో బాల్కనీలో ఆ జతలో మిగిలింది ఉంది. బట్టలు నానేసే టబ్బులో, అటూ ఇటూ తిరగడానికి లేకుండా.

"అన్నా, దీన్ని ఎక్కడ వదలమంటావ్? నువ్వు చదివినోడివి కదా."

"ఎక్కడా వద్దు. నీ దగ్గరే."

"ఎన్నాళ్ళు బతుకుద్ది?"

"ముప్ఫై ఏళ్ళు అనుకో."

వాడు నా ముఖం వంకా టబ్బు వంకా రెండు మూడుసార్లు చూశాడు. "బాబు పెళ్ళికి కూడా ఉంటదా అయితే?"

"ఉంటుంది."

మర్నాడు ఇద్దరం వెళ్ళి వాటర్ ట్యాంకులు అమ్మే చోట సగానికి కోసిన సింటెక్స్ ట్యాంకొకటి తెచ్చాం. ఒక పక్క ఇటుకలు మెట్లలా పేర్చాం, ఎక్కి ఎండ కాచుకోవడానికి. తాబేలు గంటసేపు అనుమానంగా అడుగునే ఉండి, తర్వాత పైకెక్కి మెడ చాచింది. తమ్ముడు వీడియో తీసి పలమనేరులో ఉన్న అమ్మకి పంపాడు. అమ్మ వెంటనే ఫోన్ చేసింది.

"అది ఇంట్లోనే ఉందా ఇంకా?"

"ఉంది పెద్దమ్మా. అన్న ఉంచమన్నాడు."

"సరేలే. ఎండ ఎక్కువైతే పైన ఏమన్నా కప్పు. అదేంది, మెంతాకు తింటాదా?"